మన దగ్గర పండే పూలు కాడతో సహా ఎక్కడ దొరుకుతాయి?

అత్తాపూర్ కిటికీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం.

మా నాన్నగారు రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పట్టాల మీద పని చేశారు. వికారాబాద్, తాండూరు మధ్య లైను పొడవునా కాలినడకన తిరిగిన మనిషి. జూన్‌లో స్నానాల గదిలో జారి పడ్డారు. తుంటికి శస్త్రచికిత్స జరిగింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని హాలు వరకు రాగలుగుతున్నారు. మిగిలిన సమయమంతా కిటికీ పక్క మంచం మీదే. మాది హైదరాబాద్ అత్తాపూర్‌లో మూడో అంతస్తు. ఆ కిటికీలోంచి చూస్తే ఎదుటి అపార్ట్‌మెంటు గోడ, దాని మీద ఒక నల్లటి నీళ్ల ట్యాంకు, అంతే కనిపిస్తాయి.

ఆయన చూపు నిలవడానికి ఏదైనా ఉండాలని, మంచం పక్క స్టూలు మీద పూలు పెట్టడం మొదలుపెట్టాను. మా వీధి చివర పూలగుచ్ఛాల దుకాణంలో జెర్బెరాలు కొన్నాను. పది కాడలు 200 రూపాయలు. మూడో రోజు సాయంత్రానికి అన్నీ మెడలు వాల్చేశాయి. తర్వాతి వారం ఎర్ర గులాబీలు కొన్నాను. అవి విచ్చుకోకుండానే మొగ్గలోనే నల్లబడ్డాయి. దుకాణంలో అడిగితే హోసూరు నుంచి లారీలో వస్తాయని చెప్పారు.

ఆ గులాబీలను చూసి నాన్నగారు "ఇవి ఎక్కడివి?" అని అడిగారు. హోసూరువని చెప్పాను. "అది సరే, ఏ నెలవి?" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయన లెక్క వేరు. గట్ల మీద గునుగు తెల్లబడిందంటే బతుకమ్మ దగ్గరికి వచ్చినట్టు. మోదుగ ఎర్రబడిందంటే ఇంక దుప్పట్లు మడిచి పెట్టుకోవచ్చు. రేల చెట్టు పసుపు కుచ్చులు వేలాడదీసిందంటే గొడుగు లేకుండా పనికి వెళ్లకూడదు. నాలుగు నెలలుగా ఆయనకు కాలెండరు తప్ప కాలం కనిపించడం లేదు. అప్పటి నుంచి నా మనసు దీని మీదే ఉంది.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మాకు దగ్గరే. దసరా అయిన వారానికి ఒకరోజు తెల్లవారుజామున 5 గంటలకు వెళ్లాను. బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. కానీ ఒక్క పువ్వుకూ కాడ లేదు. అన్నీ తలలే, అన్నీ కిలో లెక్కే. కాడతో ఉన్నవి ఇవ్వమని అడిగితే ఒకాయన "దండ కట్టడానికి కాడ ఎందుకమ్మా?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. చివరికి అరకిలో చామంతులు తెచ్చి పళ్లెంలో నీళ్లు పోసి వాటి మీద తేల్చాను. మంచం మీద పడుకున్న మనిషికి పళ్లెంలో పూలు కనిపించవు. రెండో రోజుకు నీళ్లు వాసన వచ్చాయి.

నాకు కావలసింది ఇది: హైదరాబాద్ చుట్టుపక్కల, ఆయా కాలంలో పొలంలో సహజంగా పూసే పూలు, జాడీలో నిలబెట్టడానికి జానెడున్నర కాడతో. ఏ నెలలో ఏవి దొరుకుతాయి? ఎవరిని అడగాలి? ఎలా నిలపాలి?

మా గది సంగతి కూడా చెప్పాలి. కిటికీ పడమటి ముఖం, మధ్యాహ్నం మూడు నుంచి ఎండ లోపలికి వస్తుంది. పంకా రోజంతా తిరుగుతూనే ఉంటుంది. నాన్నగారికి రాత్రిళ్లు దగ్గు వస్తుంది కాబట్టి ఘాటైన పరిమళం పనికిరాదు. వారానికి 150 రూపాయల వరకు పెట్టగలను.

బెజవాడ మల్లె

మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నానండీ.

కాడల కోసం ఇంత కష్టపడడం అవసరమా అని నా అనుమానం. మన ఇళ్లలో పువ్వుకు రెండే చోట్లు, దేవుడి పటం, ఆడవారి జడ. వేసవిలో మా అమ్మమ్మ మల్లెమొగ్గలు నాలుగు మంచినీళ్ల కుండలో వేసేది. అంతకు మించి పూలతో ఇల్లు అలంకరించడం నేను చిన్నప్పుడు చూడలేదు. పళ్లెం కనిపించకపోతే మూర చామంతి దండ కొని కిటికీ ఊచలకు కట్టండి. పడుకున్న మనిషికి సరిగ్గా కళ్లెదుట ఉంటుంది. మూడు రోజులు నిలుస్తుంది, వాడినా చూడడానికి బాగానే ఉంటుంది. మీరు చెప్పిన ఖర్చులో వారానికి రెండు దండలు వస్తాయి.

చేవెళ్ల చామంతి మడి

అక్కా, మేము చేవెళ్ల వైపు పూలు పండిస్తాం. మొత్తం ఎకరంన్నర. అందులో 30 గుంటలు చామంతి, 20 గుంటలు లిల్లీ, 10 గుంటలు ఆస్టర్. గుడిమల్కాపూర్ మార్కెట్ జాంబాగ్‌లో ఉన్న రోజుల నుంచి మా మామయ్య అక్కడికి పూలు వేసేవారు. మీరు అడిగినది మాకు చాలా దగ్గరి విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మార్కెట్‌లో కాడ ఎందుకు ఉండదో ముందు చెబుతాను. చామంతి మొక్క మీద ఒక్కో కొమ్మకు పది, పదిహేను మొగ్గలు ఉంటాయి. అవి ఒకేసారి విచ్చుకోవు. మేము విచ్చుకున్న తలలను మాత్రమే కోసుకుని, నాలుగైదు రోజులు ఆగి మళ్లీ అదే కొమ్మ దగ్గరికి వస్తాం. ఒక పంటలో అలా ఎన్నో కోతలు. మీ కోసం కొమ్మను కాడతో కోశానంటే ఇవాళ్టి రెండు పూలతో పాటు రాబోయే పది మొగ్గలూ పోయినట్టే. లిల్లీ కూడా అంతే. విడి పూలకైతే ఒక వెన్ను మీద కింది మొగ్గల నుంచి మొదలుపెట్టి రోజూ కొన్ని కోస్తూ పోతాం. వెన్ను కోస్తే ఒకే రోజుతో దాని పని అయిపోతుంది. కాబట్టి కాడ అడిగినవారికి రైతు "లేదు" అంటే అది కుదరక కాదు, ఆ రాబోయే మొగ్గల డబ్బు ఎవరిస్తారని. ఆ మాట మీరే ముందుగా అనండి. "కిలో లెక్క వద్దు, కొమ్మకు ఇంత ఇస్తాను" అనండి. మా దగ్గరైతే పది కొమ్మల కట్ట 60 రూపాయలకు ఇస్తాను. మార్కెట్‌లో పూలు అమ్మేవారిని అడిగి లాభం లేదు, వాళ్ల చేతికి వచ్చేసరికే కాడ ఉండదు. పూలు దించడానికి వచ్చే రైతును పట్టుకుని ముందురోజు చెప్పాలి.

ఎప్పుడు అడగాలన్నది ఇంకా ముఖ్యం. వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి ముందు వారంలో ఎవరినీ అడగకండి. అప్పుడు ఒక్కో తల మాకు ఏడాది ఆశ. పండుగ మర్నాడు రండి. ధర ఒక్కసారిగా పడిపోతుంది. కోత కూలి కూడా రాదని చెట్టు మీదే వదిలేసిన రోజులు మాకు ఉన్నాయి. రెండేళ్ల కిందట బంతిని అలాగే దున్నేశాం. ఆ రోజు ఎవరైనా వచ్చి కొమ్మలతో కావాలని అడిగి ఉంటే ఎంత సంతోషించేదాన్నో.

ఇక నెలల సంగతి. మీ నాన్నగారు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది, మా మామయ్య కూడా అలాగే మాట్లాడేవారు.

ఇప్పుడు ఆశ్వయుజం. గట్ల మీద, పత్తి చేలలో, జొన్న చేలలో గునుగు ఇంకా ఉంది. దాన్ని ఎవరూ పండించరు, అదే మొలుస్తుంది. మాకు కలుపు, బతుకమ్మకు మాత్రం ముందు వరుస. పైసా ఇవ్వనక్కర లేదు. కొడవలితో కొమ్మ కోసుకోవడమే. దానికి ఘాటు వాసన లేదు, నీళ్లు లేకుండా నిలబెట్టినా ఎండిపోయి నెలల తరబడి అదే ఆకారంలో ఉంటుంది. ఎర్ర మఖమల్ లాంటి పట్టుకుచ్చు పూలు కూడా అంతే. మీ గదికి ఈ రెండూ మొదట పెట్టవలసినవి. తంగేడు చూడడానికి బంగారంలా ఉంటుంది గానీ నీటిలో పెట్టిన మర్నాడే రేకులు రాల్చేస్తుంది. ఒక్క రోజు ముచ్చటకైతే తెచ్చుకోండి.

కార్తీకం నుంచి సంక్రాంతి దాటేవరకు చామంతి. జూన్ చివర, జూలైలో పిలకలు నాటుతాం. నాలుగు వారాలకు తలలు తుంచుతాం, అప్పుడు పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. అయితే మొగ్గ వేయడం మా చేతిలో లేదు. పగలు కుదించుకుని రాత్రి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. ఇది పుస్తకంలో చదివింది కాదు, కళ్లారా చూశాను. నిరుడు మా పొలం పక్క దారిలో కొత్త దీపస్తంభం వేశారు. రాత్రంతా తెల్లటి వెలుగు. దాని కింద పడిన నాలుగు సాళ్లు ఆకుపచ్చగా ఏపుగా పెరిగాయి గానీ ఒక్క మొగ్గ లేదు. ఐదో సాలు నుంచి పొలమంతా పసుపు. తెగులు అనుకుని మందు కూడా కొట్టాం. చివరికి మా మామయ్య రాత్రిపూట వచ్చి నిలబడి చూసి, "దీనికి ఇంకా పొద్దు గూకలేదమ్మా" అన్నారు. ఆ వైపు గోనె పట్టాలు కట్టాక, ఆలస్యంగానైనా పూసింది. పాలీహౌసుల్లో కావాలనే దీపాలు పెట్టి, నల్లగుడ్డ కప్పి ఏడాదంతా పూయిస్తారు. దుకాణాల్లో దొరికే చామంతికి నెల లేకపోవడానికి కారణం అదే.

ఆస్టర్ డిసెంబరు, జనవరిలో బాగుంటుంది. ఊదా, గులాబీ, తెలుపు రంగులు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి కామిని, పూర్ణిమ రకాలు మేము వేస్తున్నాం. ఆస్టర్‌లో మీకు ఒక లాభం ఉంది. ఇది కాడతో కోసినా మాకు పెద్దగా నష్టం ఉండదు, ఎందుకంటే ఒక విడత పూసిందంటే మొక్క పని దాదాపు అయిపోయినట్టే. మొదలు దగ్గర కోసి మొక్కకు మొక్కే ఇచ్చేస్తాం. వాసన లేదు. వారం పైనే నిలుస్తుంది. మీ నాన్నగారి గదికి చామంతి కంటే ఇదే మంచిదని నా అభిప్రాయం.

చలికాలంలోనే గ్లాడియోలస్ కూడా వస్తుంది, కానీ మా చుట్టుపక్కల వేసేవారు కొద్దిమందే.

లిల్లీ వేసవిలో, వానల్లో ఎక్కువ. అందంలో దానికి సాటి లేదు, కానీ చీకటి పడ్డాక పరిమళం పెరుగుతుంది. దగ్గు ఉన్నవారి పక్కన వద్దు. వానాకాలంలో జిన్నియా, బంతి అడగండి.

ఏప్రిల్, మే నెలల్లో మమ్మల్ని కాడ పువ్వు అడగకండి అక్కా. బోరు సన్నబడుతుంది, ఉన్న నీళ్లు లిల్లీ దుంపలకే చాలవు. ఆ రెండు నెలలు పువ్వు చెట్ల మీద ఉంటుంది, పొలంలో కాదు. రేల కుచ్చులు, వేప పూత, లేత కానుగ కొమ్మలు పెట్టుకోండి.

కోసే పద్ధతి ఒక్క మాటలో చెబుతాను. తెల్లారి 7 లోపు, మంచు ఆరకముందే, బక్కెట్టు నీళ్లు సాలులోకి తీసుకెళ్లి కోసినదాన్ని కోసినట్టే అందులో పెడతాను. రెండు, మూడు గంటలు నీడలో నీళ్లు తాగనిచ్చాకే ప్రయాణం. తడి గోనెలో చుట్టి ఇస్తాను. ప్లాస్టిక్‌లో చుట్టితే లోపల ఉడికిపోతుంది.

అత్తాపూర్ కిటికీ

చెల్లీ, మీరు రాసింది నాన్నగారికి రెండుసార్లు చదివి వినిపించాను. దీపస్తంభం దగ్గర ఆపమన్నారు. సిగ్నల్ దీపాల కింద గడ్డి కూడా వేరుగా పెరిగేదని, ఇన్నాళ్లకు కారణం తెలిసిందని అన్నారు. గడ్డి సంగతి నిజమో కాదో నాకు తెలియదు గానీ, ఆయన ఇన్ని మాటలు వరుసగా మాట్లాడి చాలా రోజులైంది.

బెజవాడ మల్లె గారూ, కిటికీ ఊచలకు దండ కట్టాను. చాలా బాగుంది, కృతజ్ఞతలు. కానీ దండలో పువ్వు పువ్వుగా కనిపించదండీ. ఆయనకు ఆకు, కణుపు, మొగ్గ, పక్క కొమ్మ, అన్నీ కావాలి. మొక్కను చూసే అలవాటున్న కళ్లు.

ఆదివారం చేవెళ్ల వైపు వెళ్లి గునుగు, పట్టుకుచ్చు తెచ్చుకుంటాను. ఒక సందేహం. జెర్బెరాలు, గులాబీలు అంత త్వరగా ఎందుకు వాలిపోయాయి? నేను నీళ్లు రోజూ పోస్తూనే ఉన్నాను, పంచదార కూడా వేశాను. తప్పు నాదేనా?

కడియం వృక్షశాస్త్రం

అమ్మా, నేను వృక్షశాస్త్రం ఇరవై ఎనిమిదేళ్లు బోధించి కడియం దగ్గర స్థిరపడినవాడిని. మా కడియపులంక పేరు వినే ఉంటారు. నర్సరీల ఊరు. ఇక్కడి నుంచి మొక్కలు దేశమంతా వెళతాయి. పూల మార్కెట్ కూడా ఉంది, అక్కడ కూడా అన్నీ మీరు చూసినట్టే తలలు, మూరలు, బుట్టలే.

పూర్తిగా మీ తప్పు కాదు. సగం ప్రయాణంలోనే జరిగిపోయింది. కానీ మిగిలిన సగం మీరు సరిచేసుకోగలరు.

కాడలో నీటిని పైకి తీసుకెళ్లే సన్నని గొట్టాలు ఉంటాయి. కోసిన క్షణం నుంచి ఆ గొట్టాల్లోకి గాలి దూరుతుంది. గాలి బుడగ అడ్డుపడితే కాడ నీళ్లలో మునిగి ఉన్నా పువ్వుకు దాహమే. అందుకే ఇంటికి తెచ్చిన వెంటనే కాడ చివర ఒక అంగుళం మళ్లీ కోయాలి, అదీ గిన్నెలో నీళ్లు పోసుకుని ఆ నీటి అడుగునే. పదునైన కత్తి వాడండి. మొద్దు కత్తెరతో కోస్తే గొట్టాలు నలిగిపోతాయి. కాడ చివరను రాయితో చితక్కొట్టమని కొందరు చెబుతారు. చామంతికి ఆ పని చేయకండి. నలిగిన చోటే ముందుగా కుళ్లుతుంది.

రెండో శత్రువు సూక్ష్మజీవులు. నీటిలో మునిగిన ఆకులు కుళ్లితే అవి కోట్లలో పెరిగి అవే గొట్టాలను మూసేస్తాయి. మీ పళ్లెం నీళ్లు వాసన రావడం కూడా ఇదే. నీటి మట్టానికి కింద ఒక్క ఆకు కూడా ఉండకూడదు. బంతి విషయంలో ఇది మరీ ముఖ్యం, దాని ఆకు తగిలితే ఒక్క రాత్రిలో నీళ్లు కంపు కొడతాయి. మీరు రోజూ నీళ్లు "పోస్తూనే" ఉన్నానన్నారు. పోయడం కాదమ్మా, పాత నీళ్లు పూర్తిగా పారబోసి, జాడీని సబ్బుతో లోపల కంటా తోమి, కొత్త నీళ్లు పట్టాలి. రోజు విడిచి రోజు కాడ చివర కాస్త కోస్తూ ఉండాలి.

పంచదార విషయంలో మీరు పొరపడ్డారు. పంచదార పువ్వుకు ఆహారమే, కానీ సూక్ష్మజీవులకు అంతకంటే ఇష్టమైన ఆహారం. వాటిని అదుపు చేసేది ఏదీ లేకుండా ఒట్టి పంచదార వేస్తే కీడే ఎక్కువ. వేయదలచుకుంటే లీటరు నీటికి రెండు చెంచాల పంచదార, సగం చెక్క నిమ్మరసం, బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రావణం పావు చెంచా. నేనైతే ఇవేవీ వేయను. శుభ్రమైన నీళ్లే రోజూ మారుస్తాను.

జెర్బెరా మెడ వాల్చడం దాని బలహీనత. కాడ మెత్తన, లోపల బోలు, పైగా నూగు. దాన్ని రెండు అంగుళాల నీటిలోనే పెట్టాలి. నిండా పోస్తే కాడ కుళ్లిపోతుంది.

మీ గదిలో ఇంకొకటి చూసుకోండి. రోగి గదిలో పండ్ల పళ్లెం ఉండడం సహజం. అరటిపండ్లు, మామిడిపండ్లు పండుతున్నప్పుడు ఇథిలీన్ అనే వాయువు విడుదల చేస్తాయి. పండును పండించేది, కొన్ని పూలను త్వరగా ముసలివి చేసేది అదే. పండ్లు ఒక మూల, పూలు ఒక మూల ఉండాలి. స్టూలును పంకా గాలి నేరుగా తగలని వైపుకు జరపండి. మూడు గంటలకు ఎండ వచ్చేలోపు జాడీని మంచం తలవైపుకు మార్చండి. రాత్రి వరండాలో పెట్టగలిగితే మరో రెండు రోజులు ఆయుష్షు పెరుగుతుంది.

తామర మొగ్గలు ఎప్పుడైనా తెస్తే అవి ఇంట్లో వాటంతటవే విచ్చుకుంటాయని ఎదురుచూడకండి. కోసిన తామర మొగ్గ చాలావరకు అలాగే వాడుతుంది. బయటి రేకులను ఒక్కొక్కటిగా లోపలికి మడిచి పెట్టాలి. మా ఆవిడ మీ నాన్నగారి కోసం ఈ మాట తప్పక రాయమంది. ఆ మడత పని మంచం మీద కూర్చుని కూడా చేయవచ్చునని.

మేడ మీద జిన్నియా

వనస్థలిపురంలో మేడ మీద పన్నెండు గోలేల్లో జిన్నియా, పొగడబంతి పెంచుతున్నాను. పొగడబంతి కాడతో కోస్తే నీటిలో రెండు వారాలు, ఎండితే ఆరు నెలలు. జిన్నియా కోయడానికి ఒక గుర్తు చెబుతాను. పువ్వుకు జానెడు కింద కాడ పట్టుకుని మెల్లగా ఊపండి. తల ఊగిపోతే కాడ ఇంకా పచ్చిది, కోస్తే సాయంత్రానికే వాలుతుంది. కాడ కర్రలా నిలబడితే కోయవచ్చు. ఎంత కోస్తే అంత కొత్త కొమ్మలు వేస్తుంది. విత్తనం వేసిన రెండు నెలలకు పువ్వు చేతికి వస్తుంది. మీ బాల్కనీకి నాలుగు గంటల ఎండ ఉంటే రెండు గోలేలు చాలు. కావాలంటే విత్తనాలు ఇస్తాను, నావి నేనే కట్టుకున్నవి.

అత్తాపూర్ కిటికీ

సంక్రాంతి శుభాకాంక్షలు. మూడు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

మొదటి ఆదివారం గునుగు ఒక పెద్ద కట్ట, పట్టుకుచ్చు ఆరు కొమ్మలు తెచ్చాను. గునుగు ఇప్పటికీ అలమార మీద నిలబడే ఉంది, కొసలకు ఉన్న లేత గులాబీ రంగు మాత్రం పోయింది. దీపావళి మర్నాడు చెల్లెలి పొలానికి వెళ్లాను. చెప్పినట్టే ఆ రోజు చెట్ల నిండా పూలు ఉన్నాయి, కొనేవారు లేరు. ఇరవై కొమ్మల పసుపు చామంతి తీసుకున్నాను. మాస్టారు చెప్పినట్టు నీటి అడుగున కాడ కోసి, కింది ఆకులు దూసి, రోజూ జాడీ తోమాను. సరిగ్గా పదమూడు రోజులు నిలిచాయి. అందులో ఎనిమిది రోజులు కొత్త మొగ్గలు విచ్చుకుంటూనే ఉన్నాయి. పక్క మొగ్గ విచ్చుకోవడం కళ్లారా చూడాలని నాన్నగారు ఒక రాత్రి నిద్ర మానేశారు. పొద్దున నేను కోప్పడ్డాను.

డిసెంబరు నుంచి ఆస్టర్. చెల్లెలు చెప్పిన మాట నిజం, మా గదికి ఇదే సరైనది. దగ్గు లేదు. ఊదా రంగు వాటిని ఆయన స్టీలు గ్లాసులో విడిగా పెట్టమంటారు, కలపనివ్వరు. ఒకరోజు చామంతి కాడలోంచి ఒక పిలక తీసి పెరుగు డబ్బాలో నాటమన్నారు. నాటితే బతికింది. ఇప్పుడు జానెడు ఎత్తు ఉంది. రాత్రిపూట గదిలో లైటు వెలుగు దాని మీద పడకుండా అట్టపెట్టె మూస్తున్నారు. ఆ పని కోసం మంచం దిగి వాకర్ పట్టుకుని బాల్కనీ వరకు రోజుకు రెండుసార్లు వెళ్లి వస్తున్నారు.

ఖర్చు వారానికి 150 దాటలేదు, బస్సు ఛార్జీ కాకుండా. ఒక్క వారం మాత్రం కాడ పూలు దొరకలేదు, సంక్రాంతి ముందు వారం. అడగకూడదని తెలిసి కూడా అడిగాను, తప్పు నాదే.

ఇప్పుడు ఆయన మోదుగ కొమ్మ కావాలంటున్నారు. శివరాత్రి నాటికి అనంతగిరి వైపు పూస్తుందట. మా మేనల్లుడు వికారాబాద్‌లో ఉంటాడు, ఊళ్లో వాళ్ల పొలం గట్టున చెట్టు ఉంది, తెస్తానన్నాడు. మాస్టారూ, మోదుగ నీటిలో నిలుస్తుందా?

కడియం వృక్షశాస్త్రం

విచ్చిన పూలున్న కొమ్మ తీసుకోవద్దని చెప్పండమ్మా. దారిలోనే రాలుస్తుంది. నల్లటి ముఖమల్ మొగ్గలు నిండుగా ఉండి, ఒకటి, రెండు మాత్రమే నారింజ రంగు కనబరుస్తున్న కొమ్మ కోయించండి. అది కర్ర కొమ్మ కాబట్టి చామంతికి చెప్పింది దీనికి వర్తించదు. చివర రెండు అంగుళాల మేర కత్తితో నిలువునా చీల్చి, గోరువెచ్చని నీటిలో ఒక గంట, ఆ తర్వాత మామూలు నీటిలో పెట్టండి. బరువుగా ఉంటుంది, గాజు జాడీ పడిపోతుంది, ఇత్తడి బిందె వాడండి. రాలిన పూలు పారేయకండి. వేడి నీటిలో వేస్తే హోలీ రంగు వస్తుంది.

చేవెళ్ల చామంతి మడి

అక్కా, పెరుగు డబ్బాలోని పిలకను జూన్ వరకు కాపాడమని నాన్నగారికి చెప్పండి. ఎండాకాలం నీడలో ఉంచాలి, పూయకపోయినా కంగారుపడవద్దు. జూన్ చివర మీ ఇద్దరూ వస్తే, అది మా మడిలో మొదటి సాలులో నాటుతాను. పొలం దాకా ఆటో వస్తుంది, గట్టు దిగనక్కర లేదు.